కన్ను వదలకుండా చదివిన డిక్షనరీ

మాది నాగాయలంక, సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. వల చిరిగితే ఒక అంచున మొదలుపెట్టి, ఒక్క కన్ను కూడా వదలకుండా అల్లుకుంటూ రావాలని నాన్న నేర్పాడు. "ఒక్కటి వదిలినా అల్లిందంతా దండగే అమ్మాయ్" అనేవాడు.

తొంభైల్లో బందరులో ఇంటర్‌లో చేరాను. అంతకుముందు చదివిందంతా తెలుగు మీడియమే. క్లాసులో అందరూ ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటుంటే నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేదాన్ని. హాస్టల్లోనూ పలకరించే దిక్కు లేదు. చాలా ఏడ్చాను. ఇంగ్లీషు వస్తే స్నేహితులు వాళ్లే వస్తారనుకుని డిక్షనరీ కొన్నాను. వల అల్లినట్టే ఏ నుంచి మొదలుపెట్టి, రోజుకు ఇరవై మాటలు వరసగా బట్టీపట్టాను. ముందుకు దూకడం నా పద్ధతి కాదు.

డి దగ్గర ఉండగా, ముందు బెంచీ అమ్మాయి నా దగ్గరకొచ్చింది.

"ఆదివారం పొద్దున మంగినపూడి బీచికి వెళ్తున్నాం. ఆర్ యూ రిలక్టెంట్ టు కమ్ విత్ అస్?"

మధ్యలో ఒక్క మాటే తెలియలేదు. అడిగితే నవ్వుతుందేమోనని "యెస్, యెస్!" అన్నాను, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. ఆ అమ్మాయి నన్నోసారి వింతగా చూసి, "సరేలే" అని వెళ్లిపోయింది.

ఆదివారం ఉన్నవాటిలో మంచి ఓణీ వేసుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాను. భోజనాల గంట కొట్టేదాకా ఎవరూ రాలేదు. చేపలవాళ్ల పిల్లని ఎవరు తీసుకెళ్తారులే అనుకున్నాను. నాకు ముక్కుమీదే కోపం. ఆ అమ్మాయి తర్వాత రెండుసార్లు పలకరించబోతే మొహం తిప్పుకున్నాను. ఇక ఆదివారాలు గిలకలదిండి రేవుకు వెళ్లి, మా ఊరివి కాని పడవల మధ్య ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

రెండో ఏడాదికి గానీ ఆర్ దాకా రాలేదు. రిలక్టెంట్: ఇష్టం లేని. చదివి, పుస్తకం మూసి, మళ్లీ తెరిచి చూశాను. నీకు మాతో రావడం ఇష్టం లేదా అని అడిగితే, అవునవునని అంత నవ్వుతూ చెప్పింది నేనే. అప్పటికే వాళ్ల నాన్నకు బదిలీ అయి, ఆ అమ్మాయి ఏ ఊరు వెళ్లిందో కూడా ఎవరికీ తెలియదు.

తర్వాత గుడివాడలో ఇంగ్లీషు టీచరునయ్యాను. మాటలు వరసగా బట్టీపట్టే పిల్లల్ని చూస్తే ఒళ్లు మండుతుంది. "తెలియని మాట వినబడితే అక్కడే అడగండి, నవ్వితే నవ్వనీ" అంటాను.

ఆ రోజు అడిగుంటే ఆ అమ్మాయి నవ్వేది కాదు. పక్కన కూర్చుని చెప్పేది.