పిశాచాలకు ఇల్లు కట్టిన మేస్త్రీ

మేస్త్రీగారికి ఉన్నది ఒకటే జబ్బు. కట్టడం మొదలుపెడితే ఆపలేరు. నిజం ఇటుకలతో కట్టినంతకాలం ఇంటివాళ్లు లబోదిబోమని ఆపించేవాళ్లు. పని మానేసి నవల రాయడానికి కూర్చున్నాక అడ్డు చెప్పే నాథుడే లేకపోయాడు. కాగితం మీద సిమెంటు అయిపోదు, కూలీలు నాగా పెట్టరు. పైగా ఆయన కడుతున్నది భూమి లోపల. ఎంత తవ్వుకుపోయినా పక్కింటివాడి గోడ తగలదు.

నవల కథ చెప్పడానికి సులువే. ఒక కుర్ర మాంత్రికుడికి పాడుబడ్డ నేలమాళిగ ఒకటి దక్కుతుంది. రాజుగారి సైన్యం దాన్ని పట్టుకోవడానికి వచ్చేలోగా గదులు కట్టుకోవాలి, ఉచ్చులు పన్నుకోవాలి. లోపలికి దిగిన సైనికుల్ని మురిపించి దారి తప్పించడానికి అతను మోహినీ పిశాచాల్ని కొలువులో పెట్టుకుంటాడు. మొదటి ఐదు భాగాలు నెలపత్రికలో వస్తే జనం ఎగబడి చదివారు. పుస్తకంగా వేసి, మడతపెట్టిన మ్యాపు ఒకటి వెనకాల అతికిద్దామన్నారు పబ్లిషరుగారు. చిక్కంతా ఆ మ్యాపుతోనే వచ్చింది.

మ్యాపు గీయడానికి వచ్చిన బొమ్మలమ్మాయితో పబ్లిషరుగారు మొదటిరోజే, మేస్త్రీగారి ఎదురుగానే, నిక్కచ్చిగా మాట్లాడేశారు. మ్యాపు పూర్తయ్యేదాకా ఇక్కడ పని, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. ఆమె బుద్ధిగా తలూపింది. చకచకా గీసి చూపిస్తే పబ్లిషరుగారే మెచ్చి ఉంచేసుకుంటారని ఆమె లెక్క. అంతకుముందు మూడు చోట్ల ఉద్యోగం మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. ఈసారి ఉద్యోగం దొరికిందని ఇంట్లో అక్కకి చెప్పింది గానీ, ఎన్నాళ్లో చెప్పకుండా మింగేసింది.

వారం తిరక్కుండా నవల్లో ఉన్న ఏడు గదులూ గీసేసి, రంగులు కూడా వేసి పెట్టింది. మేస్త్రీగారు వచ్చి కళ్లజోడు సర్దుకుని, కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. చాలా బావుందన్నారు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"అంతా బావుంది గానీ, అమ్మాయ్, పిశాచాలు స్నానం ఎక్కడ చేస్తాయి?"

"పిశాచాలకి స్నానం దేనికండీ?"

"సైనికుల్ని మురిపించాలా వద్దా? మట్టికొట్టుకుపోయి ఉంటే ఎవడు మురుస్తాడు? ఇంకో గది కావాలి."

స్నానాల గది వచ్చింది. నీళ్లు పోవడానికి కాలవ కావాలి కదా అన్నారు. కాలవ తీస్తే అది నేరుగా నిధి ఉన్న గదిలోంచి పోయింది. నిధి తడుస్తుందని దాన్ని పక్కకి జరిపారు. జరిపితే ఉచ్చుల గదికి దారి మూసుకుపోయింది. ఉచ్చుల గదికి మెట్లు పెట్టారు. పదమూడో గదిలోంచి ఆ మెట్లు దిగితే పదకొండో గది పైకప్పు మీద తేలుతున్నామని బొమ్మలమ్మాయి బెంగగా చెప్పింది. తనకీ అదే అనుమానంగా ఉందని మేస్త్రీగారు ఒప్పుకుని, మధ్యలో ఓ వసారా వేయించారు.

ఇలా ప్రతి సోమవారం ఆయన సంచి పట్టుకుని రావడం, ఆమె రబ్బరు వెతుక్కోవడం మామూలైంది. పిశాచాలకి బట్టలు ఆరేసుకునే గది ఒకటి. సరిగ్గా వినపడని పెద్ద పిశాచానికి చప్పుడు లేని గది ఒకటి. రెండు పిశాచాలు మాట్లాడుకోవడం మానేశాయని వాటి మధ్య అడ్డగోడ. తర్వాత అవి రాజీపడ్డాయని ఆ గోడకి కిటికీ. భూమికి నలభై అడుగుల లోతున కిటికీ తెరిస్తే ఏం కనిపిస్తుందని ఆమె అడిగితే, అవతలి పిశాచం కనిపిస్తుందన్నారు. ఆమె కిటికీకి రెక్కలు కూడా గీసింది.

పబ్లిషరుగారి బాధ వేరు. మోహినులన్నాక కాస్త మోహం ఉండాలని ఆయన పట్టుబట్టారు. సరేనని మేస్త్రీగారు తొమ్మిదో అధ్యాయంలో పెద్ద ఘట్టమే రాసుకొచ్చారు. దొంగచాటుగా లోపలికి దిగిన సేనాధిపతి దగ్గరికి మోహినుల నాయకురాలు జుట్టు విరబోసుకుని వస్తుంది. గదంతా అత్తరు వాసన. ఆమె అతని భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర పెదవులు పెట్టి, "ఈ గోడ ఇంకా పచ్చిగా ఉంది, ఆనుకోకండి" అంటుంది. ఆ తర్వాత మూడు పేజీలు ఆమె గోడకి నీళ్లు పడుతూ ఉంటుంది. సేనాధిపతి బిందెలు అందిస్తూ ఉంటాడు.

పబ్లిషరుగారు తల పట్టుకున్నారు. అంత శ్రద్ధగా చెప్పే ఆడదానికి పడని మగవాడు ఎవడుంటాడని మేస్త్రీగారు ఎదురు అడిగారు. రాజుగారి సైన్యం మాత్రం ఆరో అధ్యాయం నుంచి గుమ్మం బయటే నిలబడి ఉంది. గచ్చు ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదని మాంత్రికుడు కబురు పంపితే, పాపం వాళ్లు ఆగారు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు," అని నిట్టూర్చారు పబ్లిషరుగారు. "ఈయన నన్ను మొదటిదాంతోనే చంపేస్తున్నాడు."

నెలలు గడిచాయి. సోమవారానికీ సోమవారానికీ మధ్య ఊరికే కూర్చోవడమెందుకని బొమ్మలమ్మాయి ఆఫీసులో దొరికిన పనల్లా చేసింది. పిల్లల పుస్తకానికి ఏనుగులు వేసింది, వైద్యం పుస్తకానికి మూత్రపిండాలు వేసింది, అట్టలు మార్చింది. మ్యాపు పూర్తవడం మాత్రం అంతకంతకూ దూరం జరిగిపోతోంది. గదులు నలభై ఒకటయ్యాయి. కాగితానికి కాగితం అతికించి అతికించి, అది ఆమె బల్ల దిగి కుర్చీ ఎక్కింది. ఏ గుమ్మం ఎటు తెరుచుకుంటుందో ఆమెకి నిద్రలో కూడా తేలడం లేదు. ఈ నెలాఖరుకి మ్యాపు చేతికి రాకపోతే ఆలోచించాల్సి వస్తుందని పబ్లిషరుగారు ఒకసారి అననే అన్నారు.

మర్నాడు మేస్త్రీగారు పిశాచాల పాదరక్షలకి ఒక గది కావాలనేసరికి ఆమెకి ఏడుపొచ్చింది.

"మీరు కావాలని చేస్తున్నారా, మేస్త్రీగారూ? దీంతో నా ఉద్యోగం పోయేట్టుంది."

ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు. పునాది గట్టిపడటానికి టైము పడుతుందమ్మా, తొందరపడకూడదు అన్నారు. నేలమాళిగ గురించి అంటున్నారనుకుని ఆమె ఇంకా మండిపడింది. చెప్పుల గది గీసింది గానీ, ఆ రోజు ఆయనతో మళ్లీ మాట్లాడలేదు.

నెలాఖరున పబ్లిషరుగారు ఆమెను లోపలికి పిలిచారు. సంచీ సర్దుకునే వెళ్లింది. ఆయన ఒక కాగితం చేతిలో పెట్టి, ఏనుగులు వేసింది నువ్వేనట కదా, అట్టలు కూడా నీవేనట కదా అని గొణిగి, ఇకమీద ఇక్కడే ఉండిపొమ్మన్నారు. మ్యాపు సంగతి ఎత్తితే చేతులు జోడించి దణ్ణం పెట్టారు.

ఆమెకి మొదట చెప్పాలనిపించింది అక్కకే. కానీ ఎదురుగా కనబడింది మేస్త్రీగారు. కోపం మర్చిపోయి ఆయనకే చెప్పేసింది.

"నోటిమాటా, కాగితమా?" అన్నారాయన.

"కాగితమేనండీ."

"సంతకం ఉందా? ముద్ర?"

రెండూ చూపించింది. ఆయన కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసి, జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చారు. తర్వాత సంచిలోంచి అంచులు నలిగిన కట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. నవల మొత్తం ఉంది అందులో, చివరి పేజీతో సహా. గదులు ఏడే. ఆమె ఈ ఆఫీసు మెట్లెక్కకముందే రాసిపెట్టిన ప్రతి అది.

"మరి ఈ నలభై రెండు గదులు..." ఆమె బల్ల దిగిన మ్యాపు వైపు వేలు చూపించింది.

"మ్యాపు అయ్యేదాకానే నీకు పని అని ఆయన అంటుంటే విన్నాను కదమ్మా. ఏడు గదులైతే వారంలో అయిపోతుంది." ఆయన తప్పు చేసి దొరికిపోయినవాడిలా నేల చూపులు చూశారు. "ఇంక అక్కర్లేదులే. మిగతా ముప్పై ఐదూ కొట్టేద్దాం."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన రబ్బరు అందుకోబోతే మాత్రం చప్పున లాక్కుంది.

"కొట్టేస్తే ఆ వినపడని పెద్దావిడ ఎక్కడికి పోతుందండీ? నలభై రెండూ ఉండాల్సిందే. మాంత్రికుడు చివర్లో బయటికి ఎలా వస్తాడో చెప్పండి, ఈ పూటే ముగించేస్తాను."

మేస్త్రీగారు మ్యాపు మీదికి వంగి, వేలితో ఒక వసారా వెంట కొంతదూరం పోయి, వెనక్కి వచ్చి, కిటికీ దగ్గర ఆగిపోయారు.

"నాకూ తెలీదమ్మా. తొమ్మిదో అధ్యాయం నుంచి నేనూ ఇందులోనే తిరుగుతున్నాను."

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని వెతికారు. చివరికి దారి ఆమెకే దొరికింది. ఒక్క గోడ కొట్టేస్తే చాలు, నేరుగా పైకి మెట్లు. ఆమె రబ్బరు పెట్టబోతుంటే మేస్త్రీగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు తల్లీ, అది స్నానాల గది. లోపల ఎవరైనా ఉన్నారేమో."

బొమ్మలమ్మాయి పెన్సిలు వెనక్కి తిప్పి కాగితం మీద రెండుసార్లు టకటకమని కొట్టింది. ఇద్దరూ కాసేపు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఎవరూ పలకలేదని తేలాక, ఆమె మెల్లగా గోడ చెరిపింది.