కుట్టేసిన ముప్పై పేజీలు

ఆ రోజుల్లో, అంటే నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, లోకంలో తప్పుగా రాసినవన్నీ సరిదిద్దే పని దేవుడు ప్రత్యేకంగా నాకే అప్పగించాడని నా గట్టి నమ్మకం. బడి మొహం చూడకుండా ఇంట్లో నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని కదా, నన్ను కాదనే తోటివాళ్లెవరూ తగల్లేదు. (నాన్న నేర్పిన అక్షరాలకు ఈనాటికీ రోజూ స్తోత్రం చెప్పుకుంటాను, వాటితో నేను వెలగబెట్టినదానికి క్షమాపణ కూడా.)

శ్రీకాకుళంలో మా సంఘం స్త్రీలు గురువారం మధ్యాహ్నం ప్రార్థనయ్యాక పొందూరు ఖద్దరు ముక్కలతో చంటిపిల్లలకు చొక్కాలు కుట్టేవారు. చేతులు పనిలో ఉంటాయి గనుక ఒకరు కథ చదవాలి, మిగతావాళ్లు వినాలి. చదివే వంతు నాది. నన్ను బండి మీద దింపి తీసుకెళ్లే మా అన్నయ్య ఓ కొత్త నవల తెచ్చిచ్చి, "ముందు నువ్వు పూర్తిగా సదువే. సదివేక నాతో ఓ మాట సెప్పు" అన్నాడు. నేను ఆగేదాన్నా! సగమైనా చూడకుండా ప్రార్థన గదిలో చదవడం మొదలుపెట్టేశాను. కాలేజీలో ఇద్దరు కుర్రాళ్లు, ఒకరంటే ఒకరికి ప్రాణం; ఒకడి తల్లికి ఇడ్లీల కొట్టు. రెండు వారాలు అందరం ఆ ఇడ్లీల వాసనలోనే ఉన్నాం.

మూడో వారానికి ముందు మిగతాది చదివాను. ఆ ఇద్దరిదీ ప్రేమట! కలిసి బతకాలనుకునేంత ప్రేమ! ఒళ్లు మండిపోయింది. రాసినవాళ్ల మీద, అచ్చేసినవాళ్ల మీద, అన్నిటికంటే ముఖ్యంగా అట్ట చూపించి మా అమాయకపు అన్నయ్యను మోసం చేసిన పుస్తకాల కొట్టువాడి మీద. (అవును, అలాగే అనుకున్నాను. నవ్వండి.) సూదీదారం తీసుకుని, కొడుకు తల్లికి నిజం చెప్పే చోటు నుంచి ముప్పై పేజీలు అంచు వెంట కుట్టిపారేశాను.

గురువారం ఆరో అధ్యాయం చదివి, తొమ్మిదికి గెంతాను. ఆరులో నవ్విన తల్లి తొమ్మిదిలో వాచిన కళ్లతో, ఇద్దరికీ క్యారేజీ పట్టుకుని కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏటే గుంటా, ఆ తల్లి ఎందుకేడ్సింది?" అంది కత్తెరమ్మ. (మెడలో తాడుకి కత్తెర వేలాడేసుకుని తిరిగే పెద్దావిడ, ఆవిడ తిట్టని కుట్టు లేదు.)

"ఒంట్లో బాగోక" అన్నాను. దేవుడు క్షమించాలి.

"ఒంట్లో బాగోకపోతే అంత దూరం కారేజీ మోస్తాదేటి? ఇలా తే." పుస్తకం లాక్కుంది. "ఓలమ్మా, ఇదేటి కుట్టు! మేకులు కొట్టినట్టున్నాది." కసకసా దారం కత్తిరించి పుస్తకం నా ఒళ్లో పడేసింది. "సదువు."

చదివాను. కొడుకు చెప్పింది, తల్లి అరిచింది, మూడు రోజులు అన్నం పెట్టనిది, అన్నీ. గదిలో సూదులు ఆగిపోయాయి. మా పిన్ని లేచింది. "సీ! ప్రార్థన గదిలో ఇలాంటివా? ఇలాంటోళ్లని గుమ్మం తొక్కనిస్తారేటి?"

తలెత్తితే ఆ గుమ్మంలోనే అన్నయ్య. హెల్మెట్ పొట్టకి అదుముకుని నిలబడ్డాడు. చూపు తెగిన దారం మీద ఉంది. "ముందు నువ్వు సదువే" అని ఎందుకన్నాడో అప్పుడు ఎక్కింది నా మట్టిబుర్రకి. కోపం మళ్లీ వచ్చింది, ఈసారి సరైన చోటుకి. "మూడు వారాల బట్టి సెవులప్పగించి ఇన్నావు కదా పిన్నీ! ఆ కుర్రాడు ఇడ్లీ తింటుంటే నీకూ ఆకలేసింది. ఇప్పుడు ఆడికి బువ్వెట్టకూడదా? ఆడు మనింటోడైతే గెంటేస్తావా?"

పిన్ని సంచి సర్దుకుని వెళ్లిపోయింది. (ఏడాది పాటు నాతో మాటల్లేవు.) కత్తెరమ్మ మాత్రం కళ్లజోడు తుడుచుకుని అన్నయ్యతో, "నిలబడిపోనావేటిరా? ఇలా కూకో. కథింకా అవ్వలేదు" అంది. కూర్చున్నాడు. క్యారేజీ మూత తీసేదాకా చదివాను.

తిరిగొస్తుంటే బండి మీద మెల్లగా అడిగాడు. "సదివేవు కదా. ఏటంటావు?"

"నా కుట్టు బాగోలేదంటాను" అన్నాను. బండి ఆపి మరీ నవ్వాడు. తర్వాత చాలాసేపు కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు అన్నయ్య, విజయనగరం నుంచి అతని స్నేహితుడు మా ఇంటికే భోజనానికి వస్తారు. ఎవర్నైనా దిద్దబోయి నేను నోరు తెరిస్తే చాలు, "ఒసే, సూదీదారం ఎక్కడ దాసేవు?" అంటాడు అన్నయ్య. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే ముప్పై పేజీల అంచునా చిన్న చిన్న చిల్లులు. ఎంత కసిగా గుచ్చిందో ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల! దాని మీద నాకింకా కోపమే. కానీ పాపం, దానికి కుట్టు సరిగ్గా రాదు; అందుకు దేవునికి వేల స్తోత్రాలు.