మైనస్ రెండు

మా లెక్కల సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పంలో పనిచేసే బడికి బయలుదేరుతున్నాను. ఫోన్ చేసింది నాతో ఇంటర్ చదివినవాడే, ఇప్పుడు మదనపల్లెలో టమాటా మండీ నడుపుతున్నాడు.

"తెల్లారి పోయినాడంటమ్మా సార్. కూతురికి చెప్తే రానన్నిందంట. నువ్వు ఆ ఊర్లోనే ఉండావు గదా, ఒగసారి అడిగి సూడు," అన్నాడు.

సార్ మంచివారని ఇప్పుడు రాద్దామని కూర్చున్నాను గానీ చేతకాలేదు. తొంభైల్లో పుంగనూరులో మాకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. స్కేలు ముట్టకుండా బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు సరళరేఖ గీసేవారు, అది ఎక్కడా వణికేది కాదు. రెండు బిందువుల మధ్య దూరానికి సూత్రం చెప్పమంటే, ముందు లంబకోణ త్రిభుజం గీసి మమ్మల్నే దాన్ని పుట్టించమనేవారు. "ఫార్ములా యాడ నుంచి వచ్చిందో తెలీనోడు దాన్ని ముట్టుకోగూడదు" అనేవారు. తెలియనివాళ్ళను మాటలతో కోసేవారు. నేను సోమల దగ్గరి పల్లె నుంచి వచ్చేదాన్ని. మా నాయన పట్టుపురుగులు పెంచేవాడు. ఒకసారి రేఖ వాలు కట్టేటప్పుడు పైనుండాల్సింది కింద, కిందుండాల్సింది పైన వేశాను. "మల్బరీ ఆకు కోసుకోపోమ్మా, దానికి వాలుతో పని లేదు," అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ కోపంతోనే నేను లెక్కలు నేర్చుకున్నాను. సాయంత్రం సోమల బస్సు ఆలస్యమైతే, కాలేజీ గేటు దగ్గర నిలబెట్టి నాకు మళ్ళీ మొదట్నుంచి చెప్పిందీ ఆయనే. అప్పుడు కూడా ఒక్క మంచి మాట అనలేదు. నాకు అర్థమైందని తెలిస్తే "ఊ" అని వెళ్ళిపోయేవారు.

ఆయన కూతురు నా పక్కనే కూర్చునేది. ఒకరోజు ఆమెను బోర్డు దగ్గరికి పిలిచి, (2, 1) బిందువు నుంచి 3x + 4y − 20 = 0 రేఖకు లంబదూరం కట్టమన్నారు. పొందిగ్గా కట్టింది. బిందువును సమీకరణంలో పెట్టింది, కింద అయిదు వేసింది. చివర్లో గుర్తు తీసేయడం మరిచిపోయి, జవాబు మైనస్ రెండు అని రాసింది.

సార్ ఆ జవాబు కింద గీత గీశారు.

"మైనస్ రెండు దూరంలో మనిషి ఎట్ల నిలబడతాడు తల్లీ? బయటికి పోయి నిలబడి సూపించు. తెలిసినాక లోపలికి రా."

ఆమె వెళ్ళి వరండాలో నిలబడింది. మర్నాడు లోపలికి వస్తుంటే తలుపు దగ్గరే ఆపి, "తెలిసిందా?" అని అడిగారు. ఆమె వెనక్కి తిరిగి వరండాలోకే వెళ్ళింది. ఆ వారమంతా అదే ప్రశ్న, అదే వరండా. తలుపు పక్కన ఆమె ఓణీ కొస మాత్రం మాకు కనిపించేది. జవాబు ఆమెకు మొదటిరోజే తెలుసు. చెప్పలేదు, అంతే. ఆయన కూడా దిగిరాలేదు. వారం తిరిగాక ఆమె కుప్పంలో పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. చదువు మానేసి కుట్టుపని నేర్చుకుంది, అక్కడే పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి తల్లి ఒక్కతే వెళ్ళొచ్చింది.

నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చిన కొన్నేళ్ళకు సార్ మా ఇంటికి వచ్చారు. అప్పటికి భార్య పోయింది, పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. "కూతుర్ని సూడాల, తోడు రామ్మా," అన్నారు.

ఆమె ఇంటికి వెళ్ళాం. తలుపు తీసింది గానీ గడప దాటలేదు. ఆయన వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది.

"యాడ నిలబడాలో, ఎంత దూరంలో నిలబడాలో ఆయన్నే కనుక్కోమను."

తలుపు వేసేసింది. సార్ మెట్టు మీద అలాగే ఉండిపోయారు. మూసిన తలుపుతో, "లెక్క తప్పే గదమ్మా," అన్నారు. లోపల కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది.

బస్టాండులో టీ చల్లారిపోతుండగా నాతో అన్నారు: "ఆ పొద్దు మెథడంతా రైటే. గుర్తు ఒగటే తప్పింది. పదికి తొమ్మిది ఏసుండాల."

"ఆ మాట ఆమెకు చెప్పండి సార్."

"సెప్తే పొగరెక్కతాది," అన్నారు. పలమనేరు మీదుగా పుంగనూరు పోయే బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయారు.

ఆయన పోయిన రోజు బడికి సెలవు పెట్టి ఆమె ఇంటికి వెళ్ళాను. బతిమాలాను. చివరికి ఆ బస్టాండు మాట కూడా చెప్పాను. మిషన్ ఆపింది.

"తొమ్మిదా?" అంది. తర్వాత, "నాకు గదా సెప్పాల్సింది. నీకు యాల సెప్పినాడు?"

నేను లేచాను.

"నువ్వు పోయి రా. నేను రాను," అంది. నేను వాకిట్లోకి వచ్చాక వెనక నుంచి, "ఎన్ని గంటలకు ఎత్తుతారంట?" అని అడిగింది. సాయంత్రమని చెప్పాను. తలవంచుకుని గుడ్డను సూది కిందికి తోసింది.

పుంగనూరు చేరేసరికి ఎండ మండిపోతోంది. సార్‌ను వసారాలో పడుకోబెట్టారు. వాకిట్లో షామియానా, దాని కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. మండీ నడిపేవాడు, ఒక డాక్టరు, యూనిఫారంలోనే వచ్చిన ఒక ఎస్సై, ఇంకా చాలామంది, అందరూ ఆయన దగ్గర చదివినవాళ్ళే, సగం మందికి జుట్టు నెరిసింది. ఇంట్లోంచి ఎవరో పెద్దాయన వచ్చి, "కూసోండప్పా, ఎంతసేపని నిలబడతారు," అన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సార్ కూర్చోమననిదే ఎవరూ కూర్చోలేదు. నేనూ వెళ్ళి, ఆమె వస్తుందేమోనని వీధి వైపు చూస్తూ, గోడ పక్కన వాళ్ళతోపాటు నిలబడ్డాను. ఎత్తేదాకా ఆ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.