ఘాటురోడ్డు మీద రుబ్బురోలు

కొత్త పికప్పు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మా ఆయనకి నా మొహం సరిగ్గా కనిపించడం మానేసింది. పొద్దున్న లేస్తే దాని అద్దాలు తుడవడం, సాయంత్రమైతే దాని చుట్టూ ఓ ప్రదక్షిణం. పాతపట్నంలో మా ఇంటి ముందు నిలబెడితే దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. ముందు కారులా సీట్లు, వెనక సామాను వేసుకునే తొట్టి. "క్లచ్చే నేదు! గేర్లు దానంతటదే మార్చుకుంటాది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. సగం జీవితం లారీ తోలిన మనిషి. ఈ బండిలో కూర్చున్నా ఆయన ఎడంకాలు ఊరుకోదు, లేని క్లచ్చు కోసం కింద వెతుకుతూనే ఉంటుంది. నేను చూసి నవ్వితే ఎక్కడలేని కోపం వస్తుంది.

ఆ పికప్పు వెనక తగిలించడానికి చక్రాల మీద ఒక గది కట్టించాడు. విజయనగరంలో తెలిసిన వెల్డింగ్ షాపులో దగ్గరుండి చేయించాడు. దాన్ని కేరవాన్ అనాలట. మా చుట్టాలు మాత్రం బండిల్లు అన్నారు, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. లోపల ఒక మంచం, చిన్న గ్యాసు పొయ్యి, మూలగా తలుపు వేసుకునే బాత్రూము. అందులో కుర్చీలా కూర్చునే కమోడు, పట్టుకుని లేవడానికి గోడకి రెండు స్టీలు కడ్డీలు. నేల కింద పెద్ద నీళ్ళ ట్యాంకు. ఇదంతా సరదాకి కాదు, మా వదిన కోసం.

వదినంటే మా ఆయనకి సొంత అక్క, మా వైపు అప్ప అంటాం. నౌపడలో ఉంటుంది. చిన్నప్పుడు ఈయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. రెండు మోకాళ్ళకీ ఆపరేషనయ్యాక కింద కూర్చుని లేవడం ఆవిడ వల్ల కాదు. రోడ్డు పక్క హోటళ్ళలో బాత్రూములు ఆవిడకి పనికిరావు, పెట్రోలు బంకుల్లోవైతే చెప్పనే అక్కర్లేదు. మగాళ్ళకేం, బండాపి చెట్టు చాటుకెళ్ళి వచ్చేస్తారు. అందుకని ఆవిడ ఊరు దాటడమే మానేసింది. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు పంపించేది. ఎందుకు రావే అంటే కాళ్ళ నొప్పులనేది. అసలు సంగతి మా ఆడాళ్ళందరికీ తెలుసు, ఎవరమూ నోరు విప్పి అనేవాళ్ళం కాదు.

ఆవిడకి ఒక్కతే కూతురు, నర్సు. శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కితే వచ్చే ఊళ్ళో ఉద్యోగం. అక్కడే చిన్న ఇల్లు కట్టుకుంది. వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకుని మా ఆయనకి ఫోను చేసింది. "అమ్మ రాకపోతే నేను గుమ్మం దాటను మావయ్యా. తాళం వేసి అలాగే ఉంచేస్తాను" అని ఏడ్చింది. ఆ ఏడుపు విన్న మర్నాడే ఈయన వెల్డింగ్ షాపుకి పరిగెత్తాడు.

ముహూర్తం రేపు తెల్లారి అనగా ఇవాళ పొద్దున్నే బయల్దేరాం. ట్యాంకు నిండా నీళ్ళు పట్టాం. మా ఇంటి నుంచి కొత్త బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు ఎక్కించాం. టెక్కలి మీదుగా నౌపడ చేరేసరికి వదిన అరుగు మీద చిన్న కొండ పేర్చి ఉంది. ఇత్తడి బిందెలు, జీడిపప్పు డబ్బాలు, పనసపళ్ళు, చలిమిడి, అరిసెలు, పక్కింటివాళ్ళు ఇచ్చిన మంచంకోళ్ళు. కొత్తింట్లోకి ముందు ఉప్పే వెళ్ళాలి గదా, ఉప్పుమడులు పక్కనే పెట్టుకుని గుప్పెడుప్పు పట్టుకెళ్తామా అని చుట్టాలు తలా ఒక బస్తా తెచ్చి పడేశారు. అన్నిటికీ మించి మా అత్తగారి నల్లరాతి రుబ్బురోలు. దాన్ని ఎత్తడానికి వీధిలో మగాళ్ళంతా కావలసి వచ్చింది.

"ఇదెందుకప్పా, దానికి మిక్సీ ఉన్నాది గదా" అన్నాడు మా ఆయన.

"నీకేటి తెల్సు? ఆడపిల్ల కొత్తింటికి ఉత్తి సేతుల్తో ఎల్తామేటి?" అంది వదిన. అక్కడితో సరి. నేను కూడా ఆవిడ పక్షమే. బండింటి చక్రాలు కాస్త కుంగాయి. ఎవరం పట్టించుకోలేదు.

వదిన వెనక సీట్లో కూర్చుంది. ఒళ్ళో స్టీలు నీళ్ళ సీసా, దాని మీద రెండు చేతులు. శ్రీకాకుళం దగ్గర హైవే పక్కన నీడ చూసి బండి ఆపాడు మా ఆయన. దిగి, బండింటి తలుపు తీసి, మెట్టు వేసి, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"అప్పా, రా. ఒకపాలి ఎల్లొచ్చీ."

"నాకేటీ అవసరం నేదు. పోనీ బండి" అంది.

విజయనగరం దాటాక మళ్ళీ ఆపాడు. మళ్ళీ అదే మాట. ఈయన మొహం చిన్నబోయింది. ఎన్నిరోజులు తిరిగి, కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలో తను కూర్చుని లేచి కొలిపించాడో నాకు తెలుసు. నాకు వదిన మీద ఒళ్ళు మండింది. ఆ మంకుపట్టు ఏటి, తమ్ముడి సంబరం చూడ్డానికైనా ఒకసారి లోపలికి వెళ్ళి రావచ్చు గదా అనుకున్నాను. పైకి అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది.

శృంగవరపుకోట వరకూ బండి హాయిగా లాక్కొచ్చింది. ఘాటీ మొదలయ్యాక దాని నడక మారింది. పై గేరుకి వెళ్తుంది, లాగలేక కిందికి దిగుతుంది, ఇంజను గట్టిగా అరుస్తుంది, మళ్ళీ పైకి వెళ్తుంది. ప్రతి మలుపులోనూ ఒక కుదుపు. మా ఆయన ఎడంకాలు ఆగకుండా వెతుకుతోంది.

"మావా, ఏటీ ఊపు?" అన్నాను.

"నువ్వూరుకో. దానికి తెల్సు ఏ గేరులో ఎల్లాలో."

దానికేం తెలుసో గానీ కాసేపటికి స్టీరింగు ముందు ఎర్రదీపం వెలిగింది. పళ్ళచక్రం బొమ్మ, దాంతోపాటు కుయ్ కుయ్ మని కూత. మాడిన నూనె కంపు కొట్టింది. యాక్సిలేటరు తొక్కితే అరుపే ఎక్కువ, కదలిక తక్కువ. ఎలాగో రోడ్డు వెడల్పుగా ఉన్న చోటుకి లాక్కొచ్చి ఆపాడు. అక్కడ నీలంరంగు టార్పాలిను కింద ఒకామె పనసపళ్ళు, చింతపండు అమ్ముతోంది. నేను దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాను.

బండి కొన్న షోరూముకి ఫోను చేశాడు. మాటలు అందరికీ వినిపించేలా పెట్టాడు.

"గేరుబాక్సులో ఆయిలు వేడెక్కిపోయింది సార్. ఇంజను ఆపకండి. పార్కింగులో పెట్టి ఊరికే వదిలేయండి, చల్లారుతుంది. ఏమీ పాడవలేదు, పాడవకముందే మీకు చెప్పింది. వెనక బరువెంత ఉంది సార్?"

మా ఆయన నాకేసి చూశాడు. నేను వదినకేసి చూశాను. వదిన సీసాకేసి చూసింది.

"ఇంట్లో సామానే... ఏదో కొంచెం ఉంటాది" అన్నాడు.

"సగానికి సగం దింపి గానీ ఎక్కకండి సార్. గేరు దానికే వదిలేయొద్దు, మీరే చిన్న గేరులో పెట్టి పట్టుకోండి. మళ్ళీ ఆ దీపం వెలిగిందంటే మాత్రం ఇక తోలొద్దు. బండిని లారీ మీద తేవాలి. అది రేపు మధ్యాహ్నానికి గానీ రాదు."

రేపు మధ్యాహ్నానికి ముహూర్తం వెళ్ళిపోతుంది. అక్కడ ఆ పిల్ల తాళం పట్టుకుని గుమ్మం ముందు కూర్చుంటుంది. వదినని ఏ జీపులోనో ఎక్కిద్దామంటే, అంతెత్తు మెట్టు ఎక్కి మోకాళ్ళు ముడుచుకుని ఆవిడ కూర్చోలేదు.

మా ఆయన బండింటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు. "నీల్లు ఒగ్గీద్దుం" అన్నాడు. "బరువంతా ట్యాంకుదే. పైకెల్లాక మల్లీ పట్టుకుందుం."

"సామాను దింపొచ్చు గదా?"

"సారెని సగం దారిలో దింపుతారేటే? ఉప్పు రోడ్డు మీద పెడతారేటి? రేపు ఏదైనా అయితే నీ నోరే ముందు లేస్తాది." అది నిజమే, లేస్తుంది. ఆయన వంగి ట్యాంకు కుళాయి మీద చెయ్యి వేశాడు.

పికప్పు వెనక సీటు తలుపు తీసుకుని, కాళ్ళు బయటికి పెట్టి కూర్చుంది వదిన. "ఒగ్గీ బావూ" అంది తమ్ముడితో. "నాకు ఆ నీల్లతో పని నేదు."

పనసపళ్ళామె జాలిపడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మేమిద్దరం గటగటా తాగేశాం. వైశాఖం ఎండ మరి. వదిన వద్దమ్మా అని చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు చూశాను ఆవిడ పెదాలు. ఎండిపోయి, చివర్లు పగిలి ఉన్నాయి. ఒళ్ళోంచి సీసా లాక్కుని మూత తీశాను. నౌపడలో నింపిన నీళ్ళు అంచు వరకూ అలాగే ఉన్నాయి. ఒక్క గుక్క తగ్గలేదు.

"వదినా, పొద్దున్నుంచీ నీల్లు తాగనేదేటి?"

"నిన్న రాత్రి నుంచీ" అంది, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. "ప్రయానమంటే నీల్లు మానీడమే కదేటే. పెల్లయి బస్సెక్కిన కాన్నుంచీ అదే అలవాటు. నువ్వు మాత్రం మానవేటి?"

నేనూ మానతాను. మా అమ్మా మానేది. కానీ ఆ ఎండలో, బండింటి పక్కనే నిలబడి ఆ మాట వినేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆవిడ మీదో, బస్సుల మీదో, ఎవరి మీదో తెలీదు. నోరు ఊరుకోలేదు.

"మరి ఈ కొంప ఎందుకు కట్టించాడు నీ తమ్ముడు? ఆ కడ్డీలు పట్టుకుని లేచి కూచుని, లేచి కూచుని, షాపువోల్లంతా నవ్వుతున్నా కొలతలు సూయించాడే, అదెవరికి? రెండుపాల్లు బండాపాడు, రాజుగారిలాగ తలుపు తీసి నిలబడ్డాడు, ఒక్కపాలి దిగితే నీ సొమ్మేటి పోనాది?"

వదిన తల వంచుకుంది. తర్వాత మెల్లిగా అంది. "కొత్త బాత్రూమే. ముందుగా నేనెల్లి పాడుసెయ్యాలా? అది కడగాల్సొస్తే వోడే గదా కడగాలి. నేనెత్తుకుని పెంచినోడు నాకు అది కడుగుతాడేటి?"

మా ఆయన కుళాయి వదిలేసి లేచాడు. దగ్గరకొచ్చి రోడ్డు మీదే ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. "నువ్వు నాకు ఎన్నేల్లు కడిగినావప్పా?" అన్నాడు.

పనసపళ్ళామె కూడా తక్కెడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంజను ఊరికే తిరుగుతోంది. వదిన తమ్ముడి నెత్తి మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తర్వాత నావైపు చెయ్యి చాచింది.

"ఇలాగియ్యే సీసా."

ఎత్తి పోసుకుంది. మొదట ఒక గుక్క, తర్వాత ఆపకుండా. మెడ మీదా జాకెట్టు మీదా కారిపోతున్నా ఆపలేదు. సగం సీసా అయ్యాక దించి ఊపిరి తీసుకుంది. కొంగుతో మూతి తుడుచుకుని బండింటి కేసి చూసింది.

"నీల్లు ఉండనీండి. రోలు దింపీండి."

"అప్పా, అది అమ్మ రోలు..."

"రేపొచ్చి తీసుకెల్తావు. దానికేటి, దానికి దాహం ఎయ్యదు."

పైనుంచి వస్తున్న జీపువాళ్ళు నలుగురు దిగి సాయం పట్టారు. రోలు, బియ్యం, మంచంకోళ్ళు, పనసపళ్ళు అన్నీ ఆ టార్పాలిను కిందికి వెళ్ళాయి. "పనసపల్లు నాకాడ పెడితే అమ్మీగల్ను తల్లీ" అని ఆమె నవ్వింది. ఉప్పు బస్తాలూ దింపేశాం. ఒక్క గుప్పెడు మాత్రం మూటకట్టి వదిన తన కొంగున ముడేసుకుంది.

తర్వాత ఆవిడ నా భుజం పట్టుకుని బండింటి మెట్టెక్కింది. లోపల తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు, కాసేపటికి ధారాళంగా నీళ్ళు పోస్తున్న చప్పుడు. మా ఆయన పనసపళ్ళ కుప్ప కేసి తిరిగి నిలబడ్డాడు. నేనూ అటే తిరిగాను, ఆయన కళ్ళు తుడుచుకోవడం చూడనట్టు.

ఎర్రదీపం ఆరింది. గేరు తనే రెండులో పెట్టుకుని పట్టుకున్నాడు. బండి ఇందాకటిలా అరవలేదు, కుదపలేదు. నడిచే మనిషిలా నిదానంగా ఎక్కింది. ఎడంకాలు కూడా బుద్ధిగా ఊరుకుంది. మలుపు తిరిగినప్పుడల్లా ముగ్గురం ఆ దీపం కేసే చూశాం. వెలగలేదు.

సగం ఘాటీ ఎక్కాక వెనక సీట్లోంచి మూత తిప్పిన చప్పుడైంది.

"సీసా ఖాళీ అయిపోనాది బావూ. నీడ సూసి ఎక్కడైనా ఆపు. నింపుకుందుం. నేను కూడా ఒకపాలి ఎల్లొస్తాను."

"ఆపుతానప్పా" అన్నాడు మా ఆయన. "ఎన్నిపాల్లంటే అన్నిపాల్లు ఆపుతాను."