ఎడమచేత్తో దీవించిన బిషప్పు

మా బ్రాక్‌థార్ప్ చర్చి గురించి ఒక చిన్న పుస్తకం ఉంది. ముప్ఫై రెండు పేజీలు. తలుపు పక్కన బల్ల మీద, పాటల పుస్తకాల దొంతరను ఆనుకొని, తేమకు అంచులు వంకరపోయి పడి ఉంటుంది. రాసింది నేనే. అందులో అచ్చుతప్పు ఒక్కటీ లేదనీ, కామా పడవలసిన ప్రతిచోటా కామా పడిందనీ ఇప్పటికీ పందెం కాయగలను. అయితే అందులో అచ్చుతప్పు కంటే పెద్ద తప్పు ఒకటి ఉండేది. దానిని పట్టుకున్నది మా బడి వంటశాలలో ముప్ఫై ఏళ్లు బంగాళాదుంపలు ఉడకబెట్టిన ఐవీ లార్టర్. ఈ కథ ఆమెది. మధ్యలో నా సంగతులు దూరితే, పాత జబ్బని సరిపెట్టుకోండి. లాటిన్ పాఠం మొదలుపెట్టి రోమనుల స్నానశాలల్లో తేలతానని నా విద్యార్థులు ఏటేటా వాపోయేవారు.

ఐవీ తండ్రి పెర్సీ ఊరి ప్లంబరు. మా వైపు సీసం కరిగించే చెయ్యి ఒక్కటే. నీటిగొట్టాలు అతికేదీ, కిటికీ గాజుముక్కల మధ్య సీసపు పట్టీలు బిగించేదీ అదే. రెండో ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు బాంబుల భయంతో, చర్చి తూర్పు కిటికీలోని ప్రాచీనమైన రంగుగాజు పలకలు ఇరవై నాలుగింటినీ ఊడదీసి, గడ్డిలో చుట్టి, పాస్టరు గారి యాపిల్‌పండ్ల అటక మీద దాచారు. ఆరేళ్ల తరువాత వాటిని తిరిగి పెట్టవలసి వచ్చింది. గాజుపని నిపుణులందరూ లండన్‌లో మునిగి ఉన్నారు. మావాళ్లు ఆగలేదు. బిషప్పు గారు వస్తున్నారు, కిటికీకి అట్టముక్కలు అడ్డం పెట్టుకొని ఆయనకు టీ ఎలా ఇస్తామన్నారు. పెర్సీ నిచ్చెన ఎక్కి పదిహేను రోజుల్లో పని ముగించాడు. ఆ ఏటి కోతల పండుగ విందులో ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అంతకు ముందు గాని, ఆ తరువాత గాని, మురుగుకాలువ మూసుకుపోతే తప్ప ఊరు అతన్ని తలుచుకున్నది లేదు.

ఆ పలకల్లో ఒకటి, కింది వరుసలో కుడి చివర, మోచేతి పొడవున్న ఒక బిషప్పు. పసుపు అంచు టోపీ, నీలి వస్త్రం, నిద్ర చాలని ముఖం. కింద పేరు లేదు. అక్షరం లేని చోట నా చూపు ఆనదు. చర్చి నేలలో పొదిగిన ఇత్తడి రేకుల మీద, ఏనాడో చనిపోయిన ఉన్ని వర్తకులు తమ ఆత్మల కోసం ప్రార్థించమని లాటిన్‌లో వేడుకుంటారు. వారి వ్యాకరణ దోషాలకు నేను పన్నెండు పేజీలు కేటాయించాను. పాపం, వాళ్లు అడిగింది ప్రార్థన. పైకప్పు దూలాల చివర రెక్కలు చాచిన కొయ్య దేవదూతలకు మూడు పేజీలు ఇచ్చి, వాటి బుగ్గల్లో దిగిన తుపాకీ గుళ్లు మూడు వందల యాభై ఏళ్ల కిందటి అంతర్యుద్ధపు సైనికులవని రాశాను. కాకులు గూళ్లు కడుతున్నాయని మా చర్చి పెద్ద ఒకాయన కాల్చినవని తరువాత తెలిసి, రెండో ముద్రణలో దిద్దుకున్నాను. బిషప్పు దగ్గరకే వస్తున్నాను.

ఆయన ఎడమచేత్తో దీవిస్తున్నాడు. కుడిచేత అధికార దండం పట్టుకున్నాడు. దీవెన ఎక్కడైనా కుడిచేతి పని. నేను పుట్టు ఎడమచేతివాటం వాణ్ణి; చిన్నతనంలో ఆ చేతి మీద రెండు స్కేళ్లు విరిగాయి. కాబట్టి, ఆ గాజు చిత్రకారుడూ నావంటి వాడేననీ, అయిదు వందల ఏళ్ల కిందటే అధికారాన్ని ధిక్కరించి ఈ బొమ్మ వేశాడనీ నాలుగు పేజీలు రాశాను. అందులో ఒక వాక్యం పేజీన్నర నడుస్తుంది, ఎక్కడా తూలదు. ఇప్పటికీ పైకి చదువుకుంటే నా కళ్లు చెమరుస్తాయి. నిజం కాకపోవడమొక్కటే దాని లోపం.

ఈస్టరుకు ముందు వారం మా చర్చి దులుపుతారు. ఇత్తడి ఒకరి వంతు, తివాచీలు ఒకరి వంతు; కిటికీలు లార్టర్ల వంతు. తండ్రి మోకాళ్లు మొరాయించాక ఐవీ ఎక్కింది. నీళ్లు తగలనివ్వదు, మెత్తని పొడి బ్రష్షుతో ఒక్కొక్క ముక్కనూ పసిబిడ్డ చెవి తుడిచినట్లు తుడుస్తుంది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ఒకాయన అడిగాడు. నిచ్చెన పట్టుకోవడం రాదు, వద్దన్నా" అనేది.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆమె నా తలుపు తట్టింది. చేతిలో ఉత్తరం.

"మాస్టారూ, మీ పుస్తకం మనిషిని చంపుతోంది."

"ఏ మనిషిని, ఐవీ గారూ?"

"కింది వరుస చివరాయన్ని. చలికాలం ముందు రెండు కళ్లూ ఉన్నాయి. ఇప్పుడు ఒకటే ఉంది. ఇలాగే వదిలేస్తే వచ్చే ఏడాదికి ముక్కూ ఉండదు, మూతీ ఉండదు."

లోపలికి పిలిచాను. కోటు విప్పకుండానే చెప్పింది. ఆ పలక లోపలివైపు బయటకు తిరిగి ఉందట. ముఖం గీసిన రంగు వానలో తడుస్తోందట. సముద్రం మీంచి వచ్చే తూర్పు వాన దానిని కడిగేస్తోందట. ఆమె పాస్టరు ఓక్స్ గారికి చెప్పింది. మా చర్చిలో మేకు కొట్టాలన్నా పై కార్యాలయం అనుమతి కావాలి కనుక ఆయన దరఖాస్తు పెట్టారు. కుదరదని జవాబు వచ్చింది.

"ఎందుకంటే మీరు రాశారు కాబట్టి. పందొమ్మిదో పేజీ అంట. 'ఉద్దేశపూర్వకమైన ధిక్కారం' అంట. దాన్ని తిప్పితే కళకి ద్రోహం అంట. మా నాన్న పెట్టిన పలక మాస్టారూ అది! ఆయనకి ధిక్కారమేంటి? మా అమ్మకే ఎదురు చెప్పేవాడు కాదు."

నా పుస్తకాన్ని ఆధారంగా చూపి ఎవరైనా ఉత్తరం రాయడం అదే మొదటిసారి. సిగ్గుపడవలసిన ఆ క్షణంలో, పేజీ సంఖ్య సరిగ్గా వేశారా అని నేను ఉత్తరం తీసుకొని చూశాను. వేశారు. తరువాత గొంతు సవరించుకొని, "దీనికి ఆధారం?" అన్నాను.

"ఆధారం వేలికి తెలుస్తుంది. నడవండి."

"నాకు డెబ్భై ఒకటండీ."

"నాకు అరవై ఏడు. నిచ్చెన నేను పట్టుకుంటా. మీరు పడితే ఆ పుస్తకం నేనే రాసుకుంటాలెండి."

చర్చిలో పాస్టరు ఓక్స్ గారు కొవ్వొత్తులు సర్దుతున్నారు. నేను మూడో మెట్టు మీద ఆగి కళ్లు మూసుకొని లాటిన్ విభక్తులు వల్లించుకోవడం చూసి, "జాగ్రత్త సార్. మీరు పడాలన్నా పై నుంచి అనుమతి రావాలి" అన్నారు.

"ముందు పక్కాయన్ని ముట్టుకోండి" అంది ఐవీ కింది నుంచి.

పక్క పలకలోని ముఖం మీద వేలు పెట్టాను. పిల్లి నాలుకలా గరుకుగా తగిలింది.

"ఇప్పుడు మీవాణ్ణి."

భోజనపు పళ్లెంలా నున్నగా ఉంది. కాల్చి అతికిన రంగు ఇటువైపు చుక్క కూడా లేదు. పాతికేళ్లు ఆ బొమ్మను బల్ల మీద కూర్చుని, చదువుకునే కళ్లద్దాలతో పరిశోధించాను. ఒక్కసారీ లేచి వెళ్లి ముట్టుకోలేదు.

దిగి, నిచ్చెన కింద మెట్టు మీదే కూలబడ్డాను. "మీకు ఎప్పటినుంచి తెలుసు?"

ఆమె బ్రష్షు వెంట్రుకలు సవరించుకుంది. "మొదటిసారి ఎక్కినప్పుడే. యాభై ఎనిమిదిలో."

"నలభై ఏళ్లా!"

"అప్పుడు నాన్న ఉన్నాడు. ఊరు ఆయన్ని మెచ్చుకుంది ఆ ఒక్క పనికే. చెబితే ఏం మిగులుతుంది? తర్వాత పోయాడు. పోయినోణ్ణి ఏం వేలెత్తి చూపిస్తాంలే అనుకున్నా. ముఖం బాగానే ఉంది కదా, ఉంటుందిలే అనుకున్నా. నాన్న అందర్నీ అడిగాడు మాస్టారూ. బిషప్పు ఏ చేత్తో దీవిస్తాడు అని ఇంటింటికీ తిరిగి అడిగాడు. గాజు రెండు వైపులా మసి, వేలికేం తెలియలా. సగంమంది ఎడమన్నారు, సగంమంది కుడన్నారు. కిటికీలో బిషప్పే లేడు, గొర్రెపిల్ల ఉండేది అందొకావిడ. ప్రతి ఆదివారం దానెదురుగా కూర్చున్నవాళ్లే అందరూ!"

వాళ్లను చూసి నవ్వే హక్కు నాకు లేదు; నవ్వాను.

ఆ సాయంత్రమే పై కార్యాలయానికి జవాబు రాశాను. ఏడు పేజీలు. రోమనులు గాజు ఊదిన విధానంతో ప్రారంభించాను. మర్నాడు ఐవీ నా వంటింట్లో టీ తాగుతూ ఓపికగా చదివింది.

"మీరు తప్పు రాశారని ఎక్కడుంది ఇందులో?"

"ఆరో పేజీ చివర."

"వాళ్లు రెండో పేజీలోనే నిద్రపోతారు. ఈలోపు వానొస్తుంది."

ఆమె ఎదురుగానే మళ్లీ రాశాను. "పందొమ్మిదో పేజీలో నేను రాసినది తప్పు. పలక తిరగబడి ఉన్నది. ముఖం చెరిగిపోతున్నది. తిప్పనివ్వండి." ఈ నాలుగు వాక్యాలకు మధ్యాహ్నమంతా పట్టింది. మొదటిదానికే మూడు గంటలు.

అనుమతి మే నెలలో వచ్చింది. అప్పటికి బిషప్పు పై పెదవి సగం పలచబడింది. నార్విచ్ నుంచి వచ్చిన గాజు నిపుణుడు పలకను ఊడదీసి, ఇటు తిప్పి వెలుతురులోకి ఎత్తాడు. బిషప్పు కుడిచెయ్యి పైకి లేచింది. నా తిరుగుబాటుదారుడు అందరు బిషప్పుల వంటి బిషప్పయ్యాడు. పోయిన కన్నును పలచని గాజు మీద గీసి వెనక అమర్చమంటారా అని ఆ నిపుణుడు అడిగాడు.

"వద్దు బాబూ," అంది ఐవీ. "ఆ కన్ను పోగొట్టింది మేం ముగ్గురం, మా నాన్నా, నేనూ, ఈ మాస్టారూ. మాకు కనబడుతూ ఉండనీ."

మూడో ముద్రణలో నా నాలుగు పేజీలూ తీసేశాను. వాటి స్థానంలో, యుద్ధానంతరం పలకలను తిరిగి అమర్చిన కాలంలో ఒకటి పొరపాటున తిరగబడినదని మర్యాదగా రాసి ఆమెకు చూపించాను. ఎవరి మనసూ నొప్పించలేదని నాలో నేను మురిసిపోతున్నాను.

"మా నాన్న పేరు లేదేంటి?" అంది.

"తప్పు దగ్గర పేరెందుకని..."

"ఇంకెక్కడ రాస్తారు మరి? పెర్సీ లార్టర్ అని రాయండి. ఒకటి తిరగేశాడు, ఇరవై మూడు సరిగ్గా పెట్టాడు. రెండూ రాయండి. ఇరవై మూడూ నేను ముట్టుకుని చూశా."

రాశాను. ఆమె దానిని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. ఆ వారం చర్చిలో పూలు పెట్టే వంతు తనదేనని గుర్తుకు వచ్చి, బకెట్టు అందుకొని నీళ్లకు వెళ్లిపోయింది.