అమ్మకానికి పెట్టిన బోటులో బీవర్ లేక్ మీద ఒక పూట

మార్చి నెలాఖరులో మా అక్క గ్రేస్ బెంటన్‌విల్ నుంచి ఫోన్ చేసింది. "బోటు అమ్మేస్తున్నాంరా. శనివారం సాయంత్రం ఐదింటికి కొనేవాడు చూడ్డానికొస్తాడు. ఎక్కాలని సరదా పడ్డావుగా, ఈలోగా వచ్చి ఎక్కిపో."

శామ్యూల్ బావ ఆ ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగి. రెండేళ్ళ కిందట పాత అల్యూమినియం బోటు ఒకటి కొన్నాడు. అది ఇంటికి తెచ్చిన చేపలు ఇప్పటికి సున్నా. గరాజ్‌లో బోటు పడుకుంటే, బయట నిలబడ్డ కారు మీద మంచు గీకుతూ అక్క రెండు చలికాలాలు గడిపింది. ఆవిడ కోపం న్యాయమే. కానీ బావకు ఆ బోటంటే ప్రాణం.

నేను డాలస్‌లో ఒక ఇండియన్ హోటల్లో వంటవాణ్ణి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడక, చదువు ఆయనకే వదిలేసి వచ్చాను. శుక్రవారం పొద్దున ఏడింటికి బస్సెక్కాను. పక్క సీట్లో స్వెట్టర్ అల్లుతున్న పెద్దావిడ ఎక్కడికని అడిగితే చేపలు పట్టడానికన్నాను.

"డాలస్‌లో చేపలు అమ్మరా?" అంది. మా అక్కకు చుట్టమేమో అనుకున్నాను.

సాయంత్రం బెంటన్‌విల్‌కు దగ్గర్లోని ఫేయెట్‌విల్‌లో దిగేసరికి బావ కారుతో ఉన్నాడు. ఇంటికి చేరేదాకా బోటు గుణగణాలే చెప్పాడు, కూతుర్ని అత్తారింటికి పంపబోతున్న తండ్రిలా.

శనివారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. ఆఖరి రోజు కదా అని అక్క కూడా పులిహోర, ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని వచ్చింది. రోజర్స్ మీదుగా బీవర్ లేక్ రేవుకు ముప్పావుగంట. వెళ్ళాలనుకునేవాళ్ళు చేపలు పట్టే లైసెన్సు ముందురోజే తీసుకోండి, ఆ సామాన్లు అమ్మే దుకాణాల్లో ఇస్తారు. లైఫ్ జాకెట్ తప్పనిసరి. చలికి దాని కింద మీకున్న చొక్కాలన్నీ వేసుకోండి.

నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. సున్నపురాతి గట్లు, ఇంకా చిగురించని ఓక్ చెట్లు, వాటి మధ్య అక్కడక్కడా గులాబీ రంగు రెడ్‌బడ్ పూలు. ఒక కొండ దాటితే ఇంకో పాయ, అది తిరిగితే మరోటి. ఇంత అందమైన చోట చేపలు పడకపోయినా నష్టం లేదనిపించింది. అక్క మొహం చూసి ఆ మాట మింగేశాను.

బోటు నడుస్తూ ఉంటే వెనక గాలాలు ఈడ్చుకుపోవడాన్ని ట్రోలింగ్ అంటారు. చిన్న చేపలా ఉండే ప్లాస్టిక్ ఎర నీళ్ళలో ఈదుతున్నట్టే కదులుతుంది. పెద్ద చేప సరస్సు మధ్యలోనే ఉంటుందని బావ సిద్ధాంతం. నడిమధ్యకు తీసుకెళ్ళి ఒకటే పరుగు.

"బావా, ఇది హైవే కాదు. చేపక్కూడా కాస్త టైమివ్వు, చూసి తినాలిగా."

"మాట్లాడకురా. శబ్దానికి పారిపోతాయి."

"ఇంజను శబ్దానికి పారిపోవా?"

"దానికి అలవాటుపడ్డాయి."

పదకొండయింది. గాలికి చెవులున్నాయో లేవో తడుముకోవలసి వచ్చింది. "ఎండున్న చోటికి పోనివ్వండి, తిందాం," అంది అక్క. ఉత్తరపు గట్టున, ఒక వాగు వచ్చి కలిసే పాయలోకి తిరిగాం. నీళ్ళు కాస్త బురదగా ఉన్నాయి. చెయ్యి పెడితే మధ్యలో ఉన్నంత చల్లగా లేవు. గాలాలు చుట్టడానికి బద్ధకించి అలాగే వదిలేశాం. ఇంజను బాగా తగ్గించి, దాని పిడి నా చేతికిచ్చి, బావ ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాడు.

బావ ప్రార్థన సంగతి వాళ్ళ తెలుగు చర్చిలో అందరికీ తెలుసు. పులిహోరతో మొదలై, స్నేహితుల వీసాలు, గ్రీన్ కార్డుల మీదుగా సాగుతుంది. నడిపేవాణ్ణి కాబట్టి నాకు కళ్ళు మూసుకునే పని తప్పింది.

"ప్రభువా, ఈ బోటు కొనబోయే సహోదరుణ్ణి కూడా దీవించు. దీన్ని బాగా చూసుకునే మనసు..." అని ఆగాడు.

అప్పుడు ఎడమవైపు గాలపు రాడ్ విల్లులా వంగి, దారం చుట్టిన రీలు కీచుమంది.

"బావా."

"ప్రార్థనలో మాట్లాడకూడదురా," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

అక్క తన ప్లేటు నా ఒళ్ళో పెట్టేసి రాడ్ పట్టుకుంది. "ఏవండీ, ఆమేన్ అనండి."

"ఆమేన్," అని బావ కళ్ళు తెరిచేసరికి వాళ్ళావిడ బోటు అంచుకు మోకాళ్ళు ఆనించి, వెనక్కి వాలి చేపతో పోరాడుతోంది. సాయం చేయబోతే మోచేత్తో నెట్టేసింది. చివరికి నేను వల కింద పెట్టి ఎత్తాను. స్ట్రైపర్ అనే జాతి చేప. వెండి ఒంటి మీద బారుగా నల్లచారలు, నా చెయ్యంత పొడవు. అక్క దాని మీద అరచెయ్యి ఆనించి తల నుంచి తోక దాకా నిమిరింది.

అదే గట్టు వెంట, అదే నెమ్మదిలో ఇంకోసారి తిరిగాం. ఇంకోటి పడింది. రెండేళ్ళుగా చేసిన పొరపాటు అప్పుడర్థమైంది. వసంతం మొదట్లో చలికి చేపలు మందకొడిగా ఉంటాయి. ఎండకు ముందుగా వేడెక్కే గట్టు దగ్గరికి, వాగులు కలిసే చోటికి చేరతాయి. గట్టున నడిచే ముసలాయన మిమ్మల్ని దాటిపోతున్నాడంటే మీ బోటు సరైన వేగంలో ఉన్నట్టు.

మూడింటికి కారులో తిరుగు ప్రయాణం. ఎన్నో ఊళ్ళ నీళ్ళు చూశాను గానీ, తిండికి కూర్చున్నవాళ్ళను ఇంతగా కరుణించిన నీళ్ళు ఇంకెక్కడా చూడలేదు. బావ మాత్రం మాటిమాటికీ అద్దంలో, కారు వెనక ట్రైలర్ మీద వస్తున్న బోటును చూసుకుంటూ నడుపుతున్నాడు. రోజర్స్ దాటుతుండగా బావ ఫోన్ మోగింది. కొనేవాడు. అక్క అందుకుంది.

"సారీ అండీ, ఇట్స్ సోల్డ్," అని పెట్టేసింది.

బావ కారు పక్కకు తీసి ఆపాడు. "ఎవరికి?"

"నాకు," అంది అక్క. "వచ్చే శనివారం నేను నడుపుతాను. మీరు కూర్చుని ప్రార్థన చేసుకోండి."