చివరి అక్షరం మింగే మైకు

మా బావకు ఎదుటివాళ్ళ మాట సగంలోనే అర్థమైపోతుంది. మిగతా సగం వినే ఓపిక ఆయనకు ఏనాడూ లేదు. బావ అంటే మా ఆయనకు అన్న. ఆదివారం పొద్దున్నే బండ్లేసుకుని తిరిగే ఆరుగురి గుంపుకు తనకు తానే పెద్ద. ఆ గుంపులో మా ఆయన ఒకడు, స్కూటర్ మీద నేనొకదాన్ని.

ఈసారి చలికాలం కశ్మీర్ వెళ్ళి మంచు మీద నడిచే బండ్లు, అవే స్నోమొబైళ్ళు, అద్దెకు తీసుకుని నడుపుదామని ఆయన తీర్మానించాడు. ఎవర్నీ అడగలేదు. అక్కడ ఇంజిన్ల హోరు, ముందు బండి లేపే మంచు పొడి, ఒకరికొకరు కనబడరు కూడా. కాబట్టి హెల్మెట్లో బిగించుకుని మాట్లాడుకునే సెట్లు కావాలన్నాడు. అంతవరకు సబబే. ఏ సెట్లు అన్న దగ్గర మొదలైంది గొడవ.

నేను సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. పద్నాలుగేళ్ళుగా మైకులో డాక్టర్లను పిలవడమే నా పని. మైకు ఏ అక్షరాన్ని మింగుతుందో నాకు తెలిసినంత మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మన భాషలో వద్దనే మాట చివర వస్తుంది. ఆ చివర తెగిందంటే వద్దన్నది కాస్తా చెయ్యమన్నట్టు అవుతుంది. అందుకే డ్యూటీలో నేను 'పంపొద్దు' అనను, 'ఆపండి' అంటాను.

పంజాగుట్టలో హెల్మెట్ల దుకాణం భాయ్ రెండు రకాలు తీసి ముందు పెట్టాడు. ఒకదాంట్లో మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఆరుగురూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. రెండోదాంట్లో గొంతు గట్టిగా పలికితేనే మైకు తెరుచుకుంటుంది, గొంతు తగ్గగానే మూసుకుంటుంది. బావ డబ్బా మీది రాతలు చదువుతూ కూర్చున్నాడు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటల బ్యాటరీ, ఎంత చలికి ఆగుతుంది.

"బావా, జర తెలుగుల మాట్లాడి చూద్దాం. రోడ్డు మీద నిలవడి 'రావొద్దు' అంటే ఎట్ల వినవడ్తదో చూడుండ్రి," అన్నాను.

ఆయన దుకాణమంతా వినబడేలా నవ్వాడు. "డాక్టర్లను పిలిచే మైకు గాదమ్మా గిది. డబ్బా మీద అన్నీ రాసే ఉన్నయ్."

"అమ్మ చెప్పేది సహీ ఉంది సాబ్," అన్నాడు భాయ్. "ఒక్కసారి బయటికి పోయి మాట్లాడి చూడుండ్రి."

"గ్లౌజులేసుకుని బటన్లు నొక్కుతమా భాయ్? గొంతుకు తెరుచుకునేదే మనకు కరెక్ట్."

మొదటిదానికి కూడా బటన్ నొక్కే పని లేదని చెప్పబోయాను. అప్పటికే ఆరు డబ్బాలు సంచిలో పడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మాత్రం సంచి మోస్తూ ముందు నడిచాడు.

తర్వాతి ఆదివారం పొద్దున సెట్లు బిగించుకుని అమీర్‌పేటలో బయల్దేరాం. మా ఆయన తన బండి రిపేరుకివ్వడంతో బావ బండి మీద వెనక కూర్చున్నాడు. పంజాగుట్ట దగ్గర ఒక గల్లీలోంచి పెద్ద రోడ్డు మీదికి రావాలి. నేను ముందు వచ్చి మూల మీద ఆగాను. అటునుంచి సిటీ బస్సు మంచి వేగంతో వస్తోంది. "రావొద్దు బావా!" అని అరిచాను. బావ బండి రయ్యిమని గల్లీలోంచి దూసుకొచ్చింది.

బస్సు డ్రైవర్ గట్టిగా బ్రేకేశాడు కాబట్టి సరిపోయింది. బండి జారి ఇద్దరూ పడ్డారు. బావకు మోచెయ్యి గీరుకుపోయింది. మా ఆయన మణికట్టు విరిగింది.

నేను పనిచేసే ఆసుపత్రిలోనే కట్టు కట్టారు. అక్కడ, నాతో పనిచేసేవాళ్ళందరి ముందు, బావ వేలు చూపించి అన్నాడు: "నేనేం జేయాలె? గీమెనే రా అన్నది."

గుంపులో మిగతా ముగ్గురూ తమకూ 'రా' అనే వినబడిందన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కట్టు వైపు చూసుకుంటూ, "నాకు సుత గట్లనే వినవడ్డది," అన్నాడు. మొగుణ్ణి బస్సు కిందికి పిలిచినదాన్నయ్యాను. బావ మీదకంటే ఆ క్షణం మా ఆయన మీదే ఎక్కువ మండింది.

"పన్నెండేండ్లాయె మీ ఇంటికొచ్చి," అన్నాను బావతో. "ఎన్నడన్న మిమ్మల్ని 'రా' అన్ననా నేను? రమ్మనేదుంటే 'రండి' అనకపోదునా? గది సుత సోయి లేదా?"

ఆయన గీరుకుపోయిన మోచెయ్యి ఊదుకున్నాడు. తర్వాత తీరిగ్గా అన్నాడు: "మరి నీకు గంత తెలిసినప్పుడు, ఆగుండ్రి అనొచ్చు గద?"

ఆ మాట నిజమే. పద్నాలుగేళ్ళ డ్యూటీ ఆ మూల మీద గుర్తుకు రాలేదు. భయంలో ఇంటి మాటే నోట్లోంచి వచ్చింది. ఆయన్ని ఎంత తిట్టుకున్నా, ఆ మణికట్టులో నా వాటా నాకు తెలుసు.

మర్నాడు సెట్లు పట్టుకుని దుకాణానికి నేనే వెళ్ళాను, బావను వెంటబెట్టుకుని. భాయ్ ఆయనకు హెల్మెట్ తొడిగి లోపల నిలబెట్టాడు, తను ఇంకో సెట్ తీసుకుని రోడ్డు మీదికి పోయి పలికాడు. తిరిగొచ్చి ఏం వినబడిందని అడిగితే బావ గొణిగాడు: "రా." భాయ్ అన్నది 'రావొద్దు' అని నేను రోడ్డు మీద అతని పక్కనే నిలబడి విన్నాను. ఆరు సెట్లూ తిరిగిచ్చి మొదటి రకం తెచ్చుకున్నాం. వారం తిరక్కముందే బావ గుంపులో చెప్పుకుంటున్నాడు, రోడ్డు మీద టెస్ట్ చేసి తనే కనిపెట్టానని. నాకు క్షమాపణ లాంటిదేమీ రాలేదు.

కట్టు విప్పాక బావ టికెట్లు తీయడానికి మా ఇంటికొచ్చాడు. మా ఆయన చెయ్యి పిసుక్కుంటూ సోఫాలో కూర్చున్నాడు.

"నువ్వు సుత రావాలెనమ్మా. మస్తుంటది. గిప్పుడు సెట్లు సుత ఫస్ట్ క్లాస్."

"రాను," అన్నాను.

బావ ఫోన్‌లో పేర్లు కొడుతూనే ఉన్నాడు. "ఆఁ, వస్తున్నవ్ గద?"

దగ్గరికి వెళ్ళి, డ్యూటీలో పలికినట్టు, చివరి అక్షరం ఒత్తి పలికాను. "రా-ను."

ఆయన తల పైకెత్తి చిరాగ్గా చూశాడు. "గంత గట్టిగ ఎందుకు? నాకేం చెవుడా?"